చందా పుస్తకం

చేతిలో చందా పుస్తకంతో నలుగురు కుర్రాళ్ళు వీధి మలుపు తిరిగారంటే చాలు, మా వారికి పెరట్లో ఎక్కడలేని పనులూ గుర్తొస్తాయి. బొప్పాయి మొక్కకి పాదు, నూతి గట్టు మీద నాచు... గుమ్మంలో నిలబడి నవ్వుతూ నూట పదహార్లు సమర్పించుకోవడం నా వంతు. ఈ ఏడు వినాయకుడికి అయింది, అమ్మవారి సంబరానికి అయింది, ఇక గండం గడిచిందనుకున్నాను. చెప్పొద్దూ, ఈసారి ఇంట్లోవాడే చెయ్యి చాపాడు!

మా అబ్బాయి ఇంజనీరింగు మూడో ఏడు. స్నేహితులు ముగ్గురితో కలిసి కంప్యూటరు మీద ఆడుకునే ఆటొకటి తయారుచేస్తున్నాడు. తుపానులో దారి తప్పిన పడవని మన బుడగట్లపాలెం ఒడ్డుకి చేర్చాలిట.

"బొమ్మలకీ సంగీతానికీ డబ్బు కావాలమ్మా. జనం దగ్గర ముందే పోగుచేస్తాం. పూర్తయ్యాక డబ్బిచ్చిన వాళ్ళందరికీ ఆట ఇస్తాం. దీన్ని క్రౌడ్ ఫండింగ్ అంటారు" అన్నాడు.

"చందాలంటే పోలేదూ!" అన్నాను.

"మరి ఆట పూర్తవకపోతే ఏటవుద్దిరా?" అని మంచం మీంచి అడిగారు మా అత్తగారు.

వాడు తల గోక్కున్నాడు. అబద్ధం చెప్పడం చేతకాదు వాడికి. ఉన్నదున్నట్టు చెప్పాడు.

అమెరికాలో 2009లో కిక్‌స్టార్టర్ అనే చందాల అంగడి వెలిసింది. 2012లో డబుల్ ఫైన్ అనే సంస్థ ఆట చేస్తామని 4 లక్షల డాలర్లు అడిగితే, 87 వేల మందికి పైగా కలిసి 33 లక్షలు ఇచ్చారు. డబ్బుతో పాటు ఆటా పెరిగింది. వచ్చిందీ చాలక, ఆటని రెండు ముక్కలు చేసి ఒకటి 2014లో, రెండోది 2015లో ఇచ్చారు. అదే 2012లో స్టార్ సిటిజన్ వాళ్ళూ మొదలెట్టారు. ఆ చందా 70 కోట్ల డాలర్లు దాటింది. ఆడుకోవడానికి కొంత ఇచ్చారు గాని, పూర్తి ఆట ఇవాళ్టికీ రాలేదు.

"వద్దురా బాబూ!" అన్నాను.

"పూర్తిగా విను. ఆస్ట్రేలియాలో కొద్దిమంది కలిసి 2014లో హాలో నైట్ అనే ఆటకి 35 వేల డాలర్లు అడిగారు. 57 వేలు వచ్చాయి. 2017లో ఆట ఇచ్చేశారు. లోకమంతా ఆడింది. మన పుణే వాళ్ళు రాజీ అనే ఆటకి 2017లో అడిగితే అనుకున్నంత పోగవలేదు. అక్కడి రూలు ప్రకారం అనుకున్నంత రాకపోతే ఎవరి దగ్గరా పైసా తీసుకోరు. వాళ్ళలో ఒకాయన సొంత ఇల్లు అమ్మి పని నడిపాడు. 2020లో ఆట వచ్చింది."

ఇల్లు అనగానే మా వారి గొంతు పెరట్లోంచి వినబడింది. "మన ఇల్లు అమ్మేది లేదు!"

నేను ఆలోచనలో పడ్డాను. పూర్వం ఇలాంటి బరువు ఒక్క ప్రభువే మోసేవాడు. 1897లో గురజాడ వారు కన్యాశుల్కాన్ని విజయనగరం ఆనంద గజపతి గారికి అంకితమిచ్చారు. ఇప్పుడు ప్రభువుల చోట పెట్టుబడిదారులొచ్చారు. బుడగట్లపాలెం పడవ కథ వాళ్ళకేం పడుతుంది? నలుగురూ తలా రూపాయి వేస్తే తప్ప అలాంటివి పుట్టవు. చందా మంచిదే. మరి చెడు ఎక్కడుంది?

"మన సంబరం డబ్బులెత్తినోళ్ళు ఈ ఊళ్ళోనే తిరగాల. లెక్క గుడి గోడకి అంటించాల. మీ వోళ్ళని ఏ వీధిలో నిలబెట్టి అడుగుతార్రా?" అన్నారు అత్తగారు.

ఆ మాట వాడికి తగిలిందో లేదో గాని, నాకు తగిలింది. లేచి వెళ్ళి ట్రంకు పెట్టె అడుగునుంచి నా చందా పుస్తకం తీశాను. 2008లో నా రెండో నవలకి ప్రచురణకర్త దొరక్క, అరవై రెండు మంది దగ్గర తలా వంద తీసుకున్నాను. ఉగాదికి పుస్తకం ఇస్తానన్నాను. పన్నెండో ప్రకరణం దగ్గర కథ మొండికేసింది. ఆ మాట ఒక్క ముక్క ఉత్తరం రాస్తే ఎవరూ కోప్పడేవారు కాదు. రాయలేదు. చందా ఇచ్చినవాళ్ళు ఎదురవుతారని బజారుకి వెళ్ళే దారి మార్చుకున్నాను. మూడో ఉగాదికి పుస్తకం వచ్చేసరికి, జాబితాలో మొట్టమొదటి పేరు గల తెలుగు మాస్టారు లేరు. ఆయన వంద రూపాయలూ నా దగ్గరే ఉండిపోయాయి. వాళ్ళ అమ్మాయికి పుస్తకం పంపడానికి కూడా మొహం చెల్లలేదు.

ఆలస్యం తప్పు కాదు, పాఠకులారా. కథయినా ఆటయినా ఒక్కోసారి మొండికేస్తుంది. చందా తీసుకున్న మనిషి నోరు మూసుకోవడమే తప్పు.

అబ్బాయి చేతిలో ఐదువందలు పెట్టి, కొత్త నోటుపుస్తకం ఇచ్చాను. "మొదటి పేరు నాది రాయి. కావలసినంతే అడుగు. ఎక్కువొస్తే ఆశలు పెంచకు. నెలనెలా అందరికీ సంగతులు రాయి. ఏ పనీ జరగని నెల తప్పకుండా రాయి" అన్నాను.

వాడు పేరు రాస్తూంటే, పక్కనే కూర్చుని నేనూ నవల ప్రతి ఒకటి కాగితంలో చుట్టి, మాస్టారి అమ్మాయికి ఉత్తరం మొదలుపెట్టాను. "క్షమించమ్మా" దగ్గర కలం ఆగింది. అయినా ఆపలేదు, రాశాను.

పెరటి గుమ్మంలోంచి మా వారు తల పెట్టారు. "చందాల వాళ్ళు వెళ్ళిపోయారా?"

"లేదండీ. ఇద్దరమూ ఇక్కడే ఉన్నాం" అన్నాను.