టైరుకు పట్టు ఎలా వస్తుంది?



మాది ఆస్పరి దగ్గర తండా. మా నాయన బాడుగ ట్రాక్టరు తోలుతాడు. ఆయన చెప్పినవీ, నేను చదివినవీ కలిపి రాస్తున్నాను.

టైరు నేలను పట్టుకునేది రెండింటి వల్ల. ఒకటి దాని మీది గాడులు, రెండోది రబ్బరు గుణం.

ట్రాక్టరు వెనక టైరుకు లావాటి రబ్బరు పళ్లు ఏటవాలుగా ఉంటాయి. అవి నల్లరేగడిలో దిగి నేలను తంతాయి. సందులు వెడల్పు కాబట్టి చక్రం తిరిగే కొద్దీ బురద రాలిపోతుంది. ఆటో టైరుకు సందులు సన్నం. వానలో మన రేగడి వాటిలో నిండిందంటే టైరు నున్నటి మట్టి ముద్దే! అందుకే తండా దారిలో ఆటో దిగబడుతుంది, ట్రాక్టరు పోతుంది.

తారు రోడ్డు మీద గాడుల పని వేరు. టైరు కింది వాన నీళ్లు వాటిలోంచి పక్కకు పోతాయి. గాడులు అరిగితే నీళ్లకు దారి ఉండదు. వేగంగా పోయే బండి నీళ్ల మీద తేలుతుంది, బ్రేకు తొక్కినా నిలవదు. పొడి రోడ్డు మీద మాత్రం నున్నటి టైరుకూ పట్టు ఉంటుంది. పందెం కార్లకు ఎండలో నున్నటి టైర్లే వేస్తారు, వానొస్తే గాడులున్నవి మారుస్తారు. "ఎండాకాలమంతా బాగానే నడిచింది కదా" అని మనవాళ్లు మోసపోయేది ఇక్కడే.

ఇక రబ్బరు సంగతి. పచ్చి రబ్బరు ఎండకు జిగటగా, చలికి గట్టిగా అవుతుంది. 1839లో అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ దాన్ని గంధకంతో కాచి ఆ లోపం పోగొట్టాడు. తర్వాత గట్టిదనానికి మసి కలిపారు. టైరు నల్లగా ఉండేది అందుకే. మెత్తటి రబ్బరు రోడ్డు గరుకులో ఒదిగి బాగా పట్టుకుంటుంది, కానీ తొందరగా అరుగుతుంది. గట్టి రబ్బరు ఎక్కువకాలం వస్తుంది, పట్టు తక్కువ. ఏళ్ల తరబడి ఎండిన టైరు కూడా గట్టిపడి పగుళ్లిస్తుంది. గాడులున్నా దాన్ని నమ్మరాదు.

గాడి లోతు కార్లు, లారీలకు 1.6 మిల్లీమీటర్లు, ఆటోలు, మోటారు సైకిళ్లకు 0.8 మిల్లీమీటర్లు తగ్గకూడదని మన దేశంలో నిబంధన ఉంది. గాడి అడుగున చిన్న రబ్బరు దిమ్మ ఉంటుంది. పైభాగం అరిగి దానితో సమానమైతే టైరు మార్చాల్సిందే.

మన అమ్మానాయనలు సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతలకు పోయేది రాత్రిళ్లు, కిక్కిరిసిన బండ్లలో. ఈసారి సాగనంపేటప్పుడు మూటలు ఎక్కించక ముందే నాలుగు టైర్లూ తడిమి చూడండి. నున్నగా ఉంటే వేరే బండి మాట్లాడమని చెప్పండి. పిల్లోళ్లకేం తెలుసు అంటే, ఆ రబ్బరు దిమ్మ చూపించండి.

– 9వ తరగతి విద్యార్థి