సొంత గూడు: షోలాపూర్‌లో, ఇంగ్లండులో

షోలాపూర్ అనగానే మనకు దుప్పటి గుర్తొస్తుంది. ఆ దుప్పట్లు నేసిన చేతుల్లో చాలా భాగం తెలుగు చేతులేనని మన పిల్లల్లో ఎందరికి తెలుసు? కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల నుంచి తరాల కిందట బతుకుదెరువు కోసం వచ్చిన పద్మశాలీలు ఇక్కడ స్థిరపడ్డారు. మగవాళ్లు మగ్గాన్ని, ఆడవాళ్లు బీడీలను నమ్ముకుని సంసారాలు ఈదుకొచ్చారు.

హైదరాబాదు రోడ్డు పట్టుకుని వెళితే విడీ ఘర్కుల్ వస్తుంది. మరాఠీలో 'విడీ' అంటే బీడీ, 'ఘర్కుల్' అంటే సొంత గూడు. పేరు మరాఠీదే అయినా గుమ్మాల్లో వినిపించేది మరాఠీ కలిసిన తెలంగాణ తెలుగు. ఒళ్లో చాట, చేతిలో కత్తెర, పక్కన తునికాకు, తంబాకు, దారం. కూలి వెయ్యి బీడీల లెక్కన. బీడీలు చుట్టే ఆమెకు ఇల్లే కార్ఖానా. కిరాయి ఇల్లు ఖాళీ చేయమంటే తలమీది నీడతో పాటు పని చేసుకునే చోటు కూడా పోతుంది.

అందుకే ఇక్కడి స్త్రీలు ఇంటి కోసం సంఘం కట్టారు. మనవాళ్లు 'ఆడం మాస్టర్' అని పిలుచుకునే నర్సయ్య ఆడం నాయకత్వంలో ఏళ్ల తరబడి పోరాడారు. వారి సహకార సంఘం కుంభారి దగ్గర 10,000 ఇళ్లు కట్టించింది. 2006లో నాటి ప్రధాని మన్మోహన్ సింగ్ వాటిని అప్పగించారు. ఆ కాలనీకి వర్లీ ఆదివాసుల నాయకురాలు గోదూతాయి పరులేకర్ పేరు పెట్టుకున్నారు.

ఇళ్ల మాట వస్తే ఒక బ్రిటిష్ దర్శకుణ్ణి తలచుకోక తప్పదు. ఆయన కెన్ లోచ్. 1936లో ననీటన్‌లో పుట్టాడు. అది కూడా ఒకప్పుడు నేతపని ఊరే, అక్కడ పట్టు రిబ్బన్లు నేసేవారు. తండ్రి ఎలక్ట్రీషియన్. కొడుకు ఆక్స్‌ఫర్డ్‌లో లా చదివి, నాటకాల మీదుగా బీబీసీ టెలివిజన్‌కు చేరాడు.

1966 నవంబరులో ఆయన తీసిన 'కేథీ కమ్ హోమ్' ప్రసారమైంది. పనిచేసుకు బతికే ఒక చిన్న జంట కథ అది. భర్తకు ప్రమాదం జరుగుతుంది, సంపాదన పోతుంది, ఇల్లు పోతుంది. ఒక్కో మెట్టూ దిగజారి చివరికి భర్త ఒకచోట, భార్య ఒకచోట అవుతారు. రైల్వే స్టేషన్లో అధికారులు ఆ తల్లి ఒడిలోంచి పిల్లలను లాక్కుపోతారు. దాదాపు కోటీ ఇరవై లక్షల మంది చూశారు. ఇల్లు లేనివారి గురించి దేశమంతా మాట్లాడుకుంది.

తర్వాత 1969లో గని కార్మికుల ఊరి కుర్రవాడు డేగను పెంచుకునే 'కెస్' తీశాడు. పేరున్న తారల కంటే మామూలు మనుషులనే నటులుగా ఎంచుకోవడం, కథను వరుసగా చిత్రీకరించడం ఆయన పద్ధతి. 1980లలో ఆయన డాక్యుమెంటరీలు కొన్ని ప్రసారానికే నోచుకోలేదు. అయినా దారి మార్చుకోలేదు. కాన్ చిత్రోత్సవంలో అత్యున్నత బహుమతి రెండుసార్లు గెలిచాడు. మొదటిసారి 2006లో, అంటే కుంభారిలో తాళంచెవులు అందిన ఏడాదే. రెండోసారి 2016లో, జబ్బుపడిన వడ్రంగి ప్రభుత్వ సాయం కోసం తిరిగే 'ఐ, డేనియల్ బ్లేక్' చిత్రానికి.

సినిమా చూసి జనం కన్నీరు పెట్టుకోవచ్చు, ప్రభుత్వాలు సిగ్గుపడవచ్చు. గోడలు లేవాలంటే మాత్రం పట్టు వదలని మనుషులు కావాలి. కేథీ ఒంటరిది. బీడీ చుట్టే మన అక్కచెల్లెళ్లు వేలమంది ఒక్కటయ్యారు. ఆ దారిలోనే కుంభారి వద్ద రేనగర్‌లో 30,000 ఇళ్లు తలపెట్టగా, 2024 జనవరిలో 15,000 ఇళ్లు ప్రధాని మోదీ చేతుల మీదుగా అందాయి.

ముంబయి నుంచి హైదరాబాదు వెళ్లే రైళ్లు చాలావరకు షోలాపూర్ మీదుగా పోతాయి. ఈసారి పిల్లలతో ఒకపూట దిగండి. శ్రావణ పౌర్ణమికి వెళితే మార్కండేయుని రథోత్సవం కూడా చూడవచ్చు. దుప్పటి కొనుక్కోండి, తప్పకుండా. విడీ ఘర్కుల్‌కు వెళ్లి ఏ గుమ్మంలోనైనా తెలుగులో పలకరించండి. ఆ ఇల్లు ఎలా వచ్చిందో అడగండి, పిల్లలను విననివ్వండి.