రామప్ప గుడి చూశారు సరే... చెరువు కట్ట ఎక్కారా?

రామప్పకు వెళ్లొచ్చిన వాళ్ల ఫోన్లు ఒకసారి చూడండి. నాగిని శిల్పం, నంది, గుడి ముందు గ్రూప్ ఫొటో. అంతే! ముప్పావు గంటలో అన్నీ చూసేసి మళ్లీ హైవే ఎక్కేస్తారు. నేనూ రెండుసార్లు అలాగే వచ్చేశాను. మొన్న డిసెంబరులో మూడోసారి వెళ్లినప్పుడు మాత్రం గుడికి దాదాపు కిలోమీటరు దూరంలో ఉన్న చెరువు కట్ట మీద ఆగుతూ, కూర్చుంటూ రెండు గంటలు తిరిగాం. అసలు ట్రిప్పు అదే అనిపించింది.

మేం మొత్తం నలుగురం. నేను, మా ఆవిడ, ఏడేళ్ల పాప, మోకాళ్ల నొప్పులతో ఉన్న మా బాపు. ట్రెక్కింగ్ అంటే బాపు కారు దిగడు. పాపకేమో పది నిమిషాలు నడిస్తే ఫోన్ కావాలి. ఈ ఇద్దరికీ సరిపోయే నడక దొరకడం ఎంత కష్టమో ఇంట్లో పిల్లలూ పెద్దలూ ఉన్నవాళ్లకు తెలుసు. ఇక్కడ కొండలెక్కే పని లేదు. కట్ట పైకి చేరితే చాలు, తర్వాత అంతా చదునే. ఒకవైపు నీళ్లు, ఇంకోవైపు కింద పొలాలు.

ముందు గుడికే వెళ్లాం. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. పునాదిలో ఇసుక నింపారు, శిఖరానికి నీళ్లలో తేలేంత తేలికైన ఇటుకలు వాడారు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. ఇవన్నీ నేను పాపకు చెబుతుంటే బాపు ఓ మూల అరుగు మీద కూర్చుని మోకాళ్లు రుద్దుకుంటున్నాడు. తీసుకొచ్చి ఇబ్బంది పెట్టానేమో అనుకున్నాను.

కట్ట ఎక్కాక సీను మారిపోయింది.

పైనుంచి చూస్తే చెరువు చుట్టూ గుట్టలే. ఆ గుట్టల మధ్య ఖాళీ ఉన్నచోట మాత్రమే కట్ట పోశారు. మిగతా మూడు వైపులా గుట్టలే గోడలు! పాకాల, లక్నవరం చెరువుల్లోనూ ఇదే తెలివి కనిపిస్తుంది. కాకతీయుల లెక్క ఒకటే: గుడి, చెరువు, ఊరు కలిసి ఉండాలి. చెరువు నిండితే పొలం పండుతుంది, పొలం పండితే ఊరు నిలుస్తుంది, ఊరు నిలిస్తే గుడిలో దీపం వెలుగుతుంది. 2015లో చెరువుల పూడికతీతకు మిషన్ కాకతీయ అని పేరు పెట్టింది ఊరికే కాదు. ఎనిమిది వందల ఏళ్ల తర్వాత కూడా ఈ చెరువు కింద వరి పండుతోంది. మేం వెళ్లినప్పుడు యాసంగి నారుమళ్లు పచ్చగా ఉన్నాయి.

దారిలో శిథిలమైన చిన్న చిన్న గుళ్లు కనిపిస్తాయి. నీళ్ల అంచున కొంగలు. ఓ లకుముకి పిట్ట చటుక్కున నీళ్లలో మునిగి లేచింది. పాప ఫోన్ అడగడం మర్చిపోయింది.

బాపు అయితే మాకంటే ముందు నడుస్తున్నాడు! పాపను పక్కన పెట్టుకుని క్లాసు మొదలుపెట్టాడు.

"తూము అంటే ఎరుకేనా బిడ్డా? చెరువుల నీళ్లను కట్ట కిందికెల్లి పొలాలకు ఇడిసే తొవ్వ. పాతకాలంల రాతి స్తంభాల నడుమ కర్రకు బిరడా ఉండేది. దాన్ని పైకి లేపితే నీళ్లు పోయేటివి."

"ఎవరు లేపేవాళ్లు తాతా?"

"నీరటి కాడు. ఏ మడికి ఎంతసేపు నీళ్లో ఆయన చెప్పిందే లెక్క."

"చెరువు మొత్తం నిండిపోతే?"

"మత్తడి దుంకుతది!"

ఆ మాట పాపకు తెగ నచ్చింది. "మత్తడి దుంకుతది, మత్తడి దుంకుతది" అంటూ కట్ట మీద గెంతులు.

"మరి నీళ్లు తగ్గితే అక్కడ ఖాళీగా ఉంది చూడు, దాన్నేమంటారు?" అని అడిగింది.

"శిఖం" అన్నాడు బాపు. తర్వాత నావైపు చూశాడు. "నువ్వు బయానా ఇచ్చిన ప్లాటు గిసుంటి శిఖంలనే ఉంది."

నా నోట మాట రాలేదు. మా ఊరి పక్కన వేసిన వెంచర్లో ప్లాటు అది. నెల కిందటే యాభై వేలు ఇచ్చాను. అక్కడ చెరువు ఉండేదని నాకు లీలగా తెలుసు. ఎండిపోయి ఇరవై ఏళ్లయింది కదా, ఇప్పుడు నేలే కదా అనుకున్నాను.

"మరి అప్పుడే చెప్పొచ్చు కదా బాపూ?"

"నువ్వు అడిగితివా? కాయితం జూపించి మంచిగుందా అన్నవు. కాయితం మంచిగనే ఉంది." కాసేపాగి అన్నాడు, "ఎండితే చెరువు చెరువు గాకుంట పోతదా? నీళ్లకు తొవ్వ యాదికుంటది రా."

తిరిగి వస్తున్నంతసేపూ నేను పెద్దగా మాట్లాడలేదు. ఇంటికొచ్చాక పాత గ్రామ నక్షా తీయించి చూశాను. బాపు చెప్పిందే నిజం. ప్లాటు వద్దని చెప్పేశాను. బయానాలో సగమే వెనక్కి వచ్చింది. ఆ పాతిక వేలు పోయినందుకు బాధ లేదని చెప్పను గానీ, వానాకాలం టీవీలో కాలనీలు మునిగిన వార్తలు వచ్చినప్పుడల్లా ఆ కట్టే గుర్తొస్తుంది.

వెళ్లాలనుకుంటే...

* వరంగల్ నుంచి సుమారు 70 కిలోమీటర్లు. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర ఎడమవైపు తిరిగితే పాలంపేట.

* అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు బాగుంటుంది. పొద్దున్నే కట్ట మీద నడిచి, ఎండెక్కాక గుడికి వెళ్లండి. మేం ఉల్టా చేసి మాడిపోయాం.

* నీళ్ల సీసాలు, టోపీలు, పిల్లలకు తినడానికి ఏమన్నా వెంట ఉంచుకోండి. ప్లాస్టిక్ మాత్రం అక్కడ వదలొద్దు.

* పిల్లల చెయ్యి వదలకండి, నీళ్లలోకి దిగనివ్వకండి. వానల్లో మత్తడి పారుతుంటే దూరం నుంచే చూడండి. రీల్ కోసం రాళ్ల మీదికి వెళ్లొద్దు.

* ఇంట్లో వ్యవసాయం చేసిన పెద్దవాళ్లుంటే తప్పకుండా తీసుకెళ్లండి. మోకాళ్ల నొప్పులంటారు, వినకండి. కట్ట ఎక్కించి, మన ఊరి చెరువు ఎక్కడుండేదని అడగండి.