కావలికన్ను – ఇల్లాలు



పూర్వము మన సూర్యాపేట ప్రాంతమున ఊరికి పోవువారు "జర ఇల్లు చూస్తుండు పెద్దమ్మా" యని పొరుగింటి ముసలమ్మకు చెప్పి పోయెడివారు. ఇప్పుడా కన్ను గోడకెక్కినది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలలో దుకాణములకే గాక సామాన్య గృహములకు సైతము సీసీ కెమెరాలు అమరినవి. పోలీసువారు 'నేను సైతం' అను పేరిట ప్రజలచేతనే వీధులలో వీనిని పెట్టించుట మీరెఱిగినదే. సంక్రాంతికి పుట్టింటికి పోయినను, దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతరకు ఇల్లంతయు కదలినను, ఇంటికి తోడుగా నుండునది యిదియే.

అయినను దీనిని కొనువారు, బిగింపించువారు, సెల్‌ఫోనులో చూచువారు పెక్కిండ్ల పురుషులే. రేయింబవళ్ళు ఇంట మెలగు ఇల్లాలికి మాత్రము ఆ కన్ను ఎటు చూచుచున్నదో, అసలు చూచుచున్నదో లేదో తెలియదు. ఇది తగదు. పొయ్యి సంగతి తెలిసినట్లే కెమెరా సంగతియు ఆమెకు తెలియవలయును. మా యింటి నాలుగు కెమెరాల సంరక్షణ మేమే చూచుకొనుచున్నాము గావున, తెలిసినంత వ్రాయుచున్నాము.

మొదట కొనుగోలు. కెమెరాలు ముఖ్యముగా రెండు విధములు. ఒక విధమున ప్రతి కెమెరానుండియు తీగ వచ్చి డీవీఆర్ అను పెట్టెలో కలియును. కెమెరాకు 12 వోల్టుల విద్యుత్తు వేఱుగా నీయవలయును. రెండవది నెట్‌వర్కు కెమెరా. తగిన పరికరములున్నచో దీనికి విద్యుత్తు, చిత్రము ఒకే తీగలో నడచును, కాని యా తీగ 100 మీటర్లకు మించరాదు. 2025 ఏప్రిల్ 9 నుండి మనదేశమున అమ్ము సీసీ కెమెరాలకు ప్రభుత్వము భద్రతా పరీక్షలను తప్పనిసరి చేసినది. కావున చౌకయని ఊరుపేరు లేనివి కొనక, బి.ఐ.ఎస్. గుర్తు చూచి, బిల్లు తీసికొనవలయును.

ఇక నమర్చుట. బిగించువాడు నిచ్చెన వేయకముందే మీరతనితో ఇల్లు చుట్టి రండు. కెమెరాను మిక్కిలి యెత్తున పెట్టినచో నడినెత్తులు తప్ప ముఖములు కానరావు. మిక్కిలి క్రిందనున్నచో చేతికందును. తొమ్మిది పది అడుగుల యెత్తు ఇండ్లకు చాలును. ఉదయ సాయంకాలముల సూర్యుని కెదురుగా నున్న కన్నుకు మనుష్యులు నల్లని నీడలవలె కనబడుదురు. తీగలు కలియు చోట వాన తగులకుండ చిన్న పెట్టెలో నుంచవలయును. ముందు వాకిలి నొక్కదానినే చూచుకొనిన చాలదు. 2025 జూలైలో సూర్యాపేటలోని యొక బంగారు దుకాణమున దొంగలు వెనుక గోడకు కన్నము వేసి చొచ్చిరి. పెరటి త్రోవ, మేడమెట్లు, నీళ్ళ తొట్టివైపు సందు వీనిని మరువరాదు. ఆ సందుల సంగతి మనకు తెలిసినట్లు బిగించువానికి తెలియదు.

చిత్రములెన్ని దినములు నిలువయుండుననునది హార్డ్ డిస్కు పరిమాణమును బట్టియుండును. లెక్క సులభము. రెండు మెగాపిక్సెళ్ళ కెమెరా క్షణమునకు రెండు మెగాబిట్ల చొప్పున నిలువచేసిన, దినమునకు 21.6 గిగాబైట్లగును. నాలుగు కెమెరాలకు సుమారు 86. అనగా ఒక టెరాబైటు డిస్కు పదునొకండు దినములకు నిండి, పాతది చెఱిపి క్రొత్తది వ్రాసికొనును. మన రాష్ట్రమున 2013 నాటి ప్రజాభద్రతా చట్టము జనులు గుమికూడు సంస్థలను 30 దినముల చిత్రములుంచుమన్నది. గృహములకు ఆ నిర్బంధము లేదు గాని, నెల దినములు యాత్రకు పోవువారు తిరిగివచ్చి మొదటివారపు దొంగతనమును వెదకిన దొరకదని గ్రహింపవలయును.

చెడినప్పుడు వెంటనే మెకానిక్కుకు కబురు చేయనక్కఱలేదు. పగలు చక్కగా కనబడి, చీకటి పడగానే చిత్రము మాయమైన యెడల కెమెరా చెడెనని తొందరపడకుడు. రాత్రివేళ దాని లోని యెఱ్ఱదీపములు వెలుగుటకు విద్యుత్తు ఎక్కువ కావలయును. అడాప్టరు బలహీనమైనను, తీగ మిక్కిలి పొడవైనను చాలదు. అట్లుగాక రాత్రులందు తెల్లని పొగవలె కనబడిన, సాలీడు గూడు కట్టినదో, అద్దముపై దుమ్ము పట్టినదో చూడుడు. మిర్యాలగూడ రైసుమిల్లుల చేరువ నుండువారికి ఊకధూళి నిత్యశత్రువు. మెత్తని పొడిగుడ్డతో తుడిచిన చాలును. ఒక్క కెమెరా మాత్రమే పనిచేయకున్న, బాగుగానున్న దాని తీగను దీనికి మార్చి చూడుడు. చిత్రము వచ్చెనా, లోపము తీగలోనిది, రాకున్న కెమెరాలోనిది. ఈ యొక్క పరీక్ష మాకు రెండుమారులు కొత్త కెమెరా ఖర్చు తప్పించినది. నిచ్చెన యెక్కుటకును, తీగ ముట్టుటకును ముందు స్విచ్చి కట్టుట మరువకుడు.

తెరపై చిత్రము కదలుచున్నంతమాత్రమున అది నిలువయగుచున్నదని నమ్మరాదు. డిస్కు చెడినను చిత్రము కదలుచునే యుండును. నెలకొకమారు నిన్నటి సాయంకాలపు చిత్రమును వెనుకకు త్రిప్పి చూడుడు. తేదీయు గడియారమును సరిగానున్నవా చూడుడు. వేళ తప్పిన చిత్రము పోలీసులకు తికమక పెట్టును. కరెంటు పోయినపుడు డీవీఆర్, రౌటరు, కెమెరాలు మూడును ఇన్వర్టరుపై నుండవలయును. డీవీఆర్ గాని కెమెరాలు గాని యాగిన చిత్రము నిలువ కాదు, రౌటరు ఆగిన ఫోనులో కనబడదు.

ఇక ముఖ్యవిషయము. 2025 ఫిబ్రవరిలో గుజరాతులోని రాజకోటలో నొక ప్రసూతి వైద్యశాల కెమెరాలనుండి స్త్రీల చిత్రములు దొంగిలింపబడి అంగడికెక్కినవి. అచటి పాస్‌వర్డు 'అడ్మిన్ 123' అను అందఱెఱిగిన మాటయే యని వార్తలు వచ్చినవి. తలుపుకు తాళము వేసి తాళపుచెవి గడపమీద పెట్టినట్లున్నది గదా! కెమెరా బిగించిన దినముననే పాస్‌వర్డు మార్చుడు. బిగించినవాని ఫోనులో మీ యిల్లు కనబడకుండ తీసివేయించుడు.

బయటి దొంగకన్న లోపలి చూపు కొందఱి స్త్రీలకు బరువగుచున్నది. మేమెఱిగిన యొక యింట ముందుగదిలో కెమెరా పెట్టిరి. పొరుగూరినుండి భర్త ఫోనుచేసి, "ఇందాక ఎవరొచ్చిండ్రు? ఎంతసేపు కూసున్నరు?" అని యడుగుచుండెను. ఆ కోడలు క్రమముగా వంటగది విడిచి వచ్చుట మానినది. మా యింటివారును ముందుగదిలో నొకటి పెట్టింతమనిరి. "దొంగ లోనికి వచ్చిన తరువాత చూచుటకన్న రాకముందే చూచుట మేలు, ఈ కన్ను వెలుపలికే చూడనిండు" అని మేమంటిమి. ఆయన కొంతసేపాలోచించి సమ్మతించిరి.

ఇది మా చాదస్తము కాదు. వ్యక్తి గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టులో తీర్పు చెప్పినది. ఒకే యింట కాపురమున్న సోదరుల వివాదమున, తక్కినవారి సమ్మతి లేక నివాసభాగమున కెమెరాలు నడుపరాదని కలకత్తా హైకోర్టు 2025లో చెప్పగా, సుప్రీంకోర్టు దానిలో జోక్యము చేసికొనలేదు. స్నానపు గదిని, పడకగదిని, పొరుగింటి పెరటిని మీ కెమెరా చూడరాదు. పొరుగింటి కెమెరా మీ పెరటిని చూచుచున్నచో మొదట మంచిమాటతో ఆ యింటి ఇల్లాలికే చెప్పుడు. ఆమెకు తెలియకయే యది జరుగుచుండవచ్చును.

మన పొరుగింటి ముసలమ్మ ఇల్లు చూచినదే గాని ఇల్లాలిని కనిపెట్టలేదు. యంత్రమునకా మర్యాద తెలియదు, మనమే నేర్పవలయును. ఈ పత్రిక చదువుట ముగియగానే మీ యింటి ఫోనులో కెమెరాలు తెఱిచి, ఒక్కొక్కటి ఏమి చూచుచున్నదో, నిన్నటి చిత్రమున్నదో లేదో చూచుకొనుడు. పాస్‌వర్డు మీకు తెలియకున్న ఈ రాత్రియే అడిగి తెలిసికొనుడు.