చేతులకు జ్ఞాపకం

మా అమ్మ నా పేరు మరిచిపోయి రెండేళ్లయింది. ఎదురుగా కూర్చుంటే "ఏ ఊరు బిడ్డా మనది?" అని మర్యాదగా అడుగుతుంది. బోధన్ అంటే, "మాది గూడ బోధనే!" అని సంబరపడుతుంది. శక్కర్‌నగర్‌లో 1937లో పెట్టిన నిజాం చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడిందని ఎన్నిసార్లు చెప్పినా సరే, సాయంత్రమయ్యేసరికి నాన్న చెరుకు బండి కోసం వాకిట్లోకి చూస్తుంది.

కాని ఆమె ఒడిలో బీడీల చాట పెట్టి చూడండి! తడిపిన తునికాకు వేళ్లమధ్య పరుచుకుంటుంది. చిటికెడు తంబాకు, ఒక్క చుట్టు, మూతి మడత, దారం. అంతే, బీడీ! చూపు చాటమీద ఉండదు, గోడమీది బల్లిమీద ఉంటుంది. (తంబాకు డాక్టరు వద్దన్నారు. వాడి ఎండబెట్టిన చాయ్‌పత్తి పోస్తున్నాను. ఈసారి మాల్ మంచిగ లేదని కార్ఖానావాళ్లను తిడుతుంది.)

ఇదెట్లా సాధ్యమని నిజామాబాదు డాక్టరుగారిని అడిగాను. నిన్నటి సంగతులను దాచిపెట్టేది హిప్పోకాంపస్ అట. అమ్మ జబ్బు మొదట పట్టేవాటిలో అదొకటి. చేతిపని కొట్లు వేరు. వేళ్లకు ఆజ్ఞ పెద్దమెదడు పైపొర నుంచి వస్తుంది. ఆకు చిరిగితే ఆ తప్పును కొలిచి, మరుసటి చుట్టును సవరించేది చిన్నమెదడు. వేలసార్లు చేసిన పనిని గొలుసుకట్టి, ఆలోచనతో నిమిత్తం లేకుండా నడిపించడంలో లోతున ఉన్న బేసల్ గాంగ్లియాది పెద్ద చేయి.

అమెరికాలో 1953లో మూర్ఛరోగం కుదర్చబోయి, హెన్రీ మొలైసన్ అనే యువకుని హిప్పోకాంపస్‌ను రెండువైపులా చాలావరకు తీసేశారు. తర్వాత బ్రెండా మిల్నర్ అనే ఆమె అతనిచేత అద్దంలో చూస్తూ నక్షత్రం గీయించింది. మూడు రోజుల్లో చేయి తిరిగింది. అతను మాత్రం ఇదివరకు గీసినట్టే ఎరగడు!

రోజుకు వేయి బీడీలు చుట్టి నన్ను చదివించిన అమ్మ, చాట మాత్రం ముట్టనియ్యలేదు. మొన్న, పక్కన కూర్చుని నేనూ ఒక ఆకు తీసుకున్నాను. చిరిగింది. రెండోదీ చిరిగింది.

అమ్మ నవ్వింది. "మీ అమ్మ నేర్పలేదా బిడ్డా?"

"నేర్పలేదు."

"మంచిగ చేసింది" అంటూ నా వేళ్లు పట్టుకుని, మూడో ఆకు తానే చుట్టించింది.