గడప దాటించే స్నేహాలు

"ఇంట్లో ఎవరెవరు ఉంటారు?" అని అడిగితే పెద్దవాళ్లు వెంటనే చెప్పేస్తారు. "పోయిన నెలలో ఎవరితో కలిసి సరదాగా బయటికి వెళ్లారు?" అని అడిగితే మాత్రం చాలామంది ఆలోచనలో పడతారు. కొందరు ఆస్పత్రి పేరు చెప్తారు, కొందరు మందుల షాపు పేరు. బీపీ, షుగర్ అంకెలతో పాటు ఈ ప్రశ్నకు వచ్చిన జవాబు కూడా కేసు షీట్‌లో రాసుకోవాలని డాక్టరుగా నాకు నేర్పింది హైదరాబాద్‌లోని గన్‌ఫౌండ్రీ పెద్దవాళ్లే.

1786లో ఫ్రెంచి సేనాని రేమండ్ ఇక్కడ ఫిరంగులు పోత పోయించాడు. ఆ కార్ఖానా వల్లే పేటకు ఈ పేరు వచ్చింది. మా తరానికి మాత్రం గన్‌ఫౌండ్రీ అంటే స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ హెడ్డాఫీసు. 1941లో నిజాం సంస్థానంలో పుట్టి, 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసిపోయిన ఆ బ్యాంకు నీడలో ఎన్ని స్నేహాలు పెరిగాయో! ఒకరి టిఫిన్ డబ్బాలో ఇంకొకరు చెయ్యి పెట్టినవాళ్లు, ఒకరి కూతురి పెళ్లి అప్పుకి ఇంకొకరు జామీను ఉన్నవాళ్లు. రిటైరయ్యాక వాళ్లంతా వనస్థలిపురానికో కూకట్‌పల్లికో చెదిరిపోయారు, కొందరు పిల్లల వెంట అమెరికా వెళ్లారు. ఆబిడ్స్ వెనక సందుల్లోని పాత ఫ్లాట్లలో మిగిలినవాళ్ల చుట్టూ పగలంతా జనం కిటకిటలాడుతూనే ఉంటారు. పేరు పెట్టి పలకరించేవాళ్లే తక్కువ.

అలా మిగిలిన ఒకాయన భార్య పోయాక తరచూ నా దగ్గరికి వచ్చేవారు. (ఇందులో ఎవరినీ గుర్తుపట్టకుండా వివరాలు మార్చి రాస్తున్నాను.) ఛాతీ పట్టేసినట్టుంటోంది, నిద్ర రావడం లేదు అనేవారు. ఈసీజీ, ఎకో, థైరాయిడ్, రక్తపరీక్షలు అన్నీ బాగున్నాయి. డిప్రెషన్ ఉందేమోనని అడగవలసినవన్నీ అడిగాను. ఆకలి ఉంది, పుస్తకం చదవాలన్న కోరిక ఉంది, మనవడి వీడియో కాల్ కోసం ఎదురుచూపు ఉంది. "పొద్దున పాలవాడితో రెండు ముక్కలు, రాత్రి వాచ్‌మన్‌తో రెండు ముక్కలు. అంతే డాక్టర్ గారూ, నా మాటలు" అన్నారు ఒకరోజు. జబ్బు ఎక్కడుందో అప్పుడు అర్థమైంది.

మా పేటలో రిటైరైనవాళ్ల బృందం ఒకటుంది. బ్యాంకులో, బడిలో, సర్కారు ఆఫీసుల్లో పనిచేసినవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీది పాత పుస్తకాల దగ్గర కలుసుకుని, అక్కడి నుంచి టిఫిన్‌కి వెళ్తారు. నెలకొకసారి పబ్లిక్ గార్డెన్స్‌కో, అక్కడి మ్యూజియంలో ఈజిప్టు మమ్మీని చూడటానికో, మధ్యాహ్నం పన్నెండు గంటలు కొట్టే వేళకు సాలార్‌జంగ్ మ్యూజియం గడియారం ముందుకో చేరతారు. ఆ బృందంలోని ఒక పెద్దమనిషి నా క్లినిక్ బెంచీ మీదే ఈయనతో మాట కలిపారు. "ఆదివారం మాతోని రాండ్రి సార్, ఇంట్ల కూసొని ఏం జేస్తరు?" అన్నారు.

మొదటి రెండుసార్లు వెళ్లి ఊరికే కూర్చున్నారట. తర్వాత ఎవరో ఆయనకు ఒక పని అప్పజెప్పారు: శనివారం రాత్రి అందరికీ ఫోన్ చేసి, రేపు ఎవరొస్తున్నారో కనుక్కోవడం. ఆ పనితోనే ఆయన మారారు. ఎవరికి మోకాలి నొప్పి, ఎవరి అమ్మాయి ఊరి నుంచి వచ్చింది, ఎవరి గొంతులో నీరసం ఉంది, అన్నీ ఆయనకు తెలియసాగాయి. ఛాతీ పట్టేయడం ఎప్పుడు పోయిందో ఆయనకే గుర్తులేదు. చూడబోయే చోటు కన్నా, దాని ముందు వచ్చే ఫోను, "మీరు రాకపోతే ఎట్లా?" అన్న మాట ఎక్కువ మేలు చేస్తాయని నా నమ్మకం. నలుగురిలో కూర్చున్నా ఒంటరితనం ఉండొచ్చు. మన కోసం ఒకరు ఎదురుచూస్తున్నారని తెలిస్తే దాని పట్టు సడలుతుంది.

శాస్త్రం కూడా ఈ మాటే అంటోంది. జూలియన్ హోల్ట్-లన్‌స్టాడ్ బృందం 2010లో 148 అధ్యయనాలను కలిపి చూస్తే, గట్టి సామాజిక సంబంధాలున్నవాళ్లు బతికి ఉండే అవకాశం మిగతావాళ్ల కంటే 50 శాతం ఎక్కువగా కనిపించింది. ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025లో చెప్పింది.

మరి పెద్దవాళ్లు ఎందుకు కదలరు? "ఓపిక లేదండీ" అంటారు. ఆ మాట వెనక వైద్యుడు తీర్చగలిగిన చిక్కు ఒకటి చాలాసార్లు దాగి ఉంటుంది.

ఒక పెద్దావిడ యాదగిరిగుట్ట ప్రయాణం అనగానే మోకాళ్లు నొప్పులనేవారు. తెలంగాణలో 2023 డిసెంబర్ 9 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ఛార్జీ లేదు, తోడుగా వచ్చే స్నేహితురాళ్లున్నారు, అయినా కదలరు. విడిగా కూర్చోబెట్టి అడిగితే అసలు సంగతి చెప్పారు. కాళ్ల వాపుకి వేసుకునే నీటి మాత్ర వల్ల గంటకోసారి బాత్రూంకి వెళ్లాలి. బస్సులో ఏం చేయాలి? అందుకని బయటికి వెళ్లిన రోజు నీళ్లే తాగరు. దాంతో కళ్లు తిరుగుతాయి. ఇన్‌ఫెక్షన్ లేదని చూసుకుని, ప్రయాణం రోజు ఆ మాత్ర ఇంటికి వచ్చాక వేసుకునేలా మార్చాను, మూత్రం ఆపుకునే కండరాలను బిగించి వదిలే వ్యాయామం నేర్పాను. (ఇలాంటి మార్పు ఎవరూ డాక్టరుని అడగకుండా చేయకూడదు.) దారిలో శుభ్రమైన టాయ్‌లెట్లు ఎక్కడున్నాయో బృందంలోని ఆడవాళ్లు ముందే కనుక్కున్నారు. ఆవిడ గుట్టకు వెళ్లొచ్చి నాకు ప్రసాదం తెచ్చారు.

ఇంకొకాయన బృందానికి రావడం మానేశారు. మతిమరుపు మొదలైందని, అడిగినదానికి పొంతన లేకుండా జవాబిస్తున్నారని కొడుకు భయపడ్డాడు. పరీక్ష చేస్తే, తగ్గింది వినికిడి అని తేలింది. హోటల్ గోలలో మాట అందక, తప్పుగా నవ్వి నవ్వులపాలు కావడం ఇష్టంలేక తప్పుకున్నారు. 2024 లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకు చెప్పిన నివారించగల 14 కారణాల్లో వినికిడి లోపం ఉంది, సామాజిక ఏకాంతం కూడా ఉంది. ఈయన విషయంలో మొదటిది రెండోదాన్ని వెంటబెట్టుకొచ్చింది. చెవికి మెషీన్ పెట్టించాం. మొదట్లో ప్లేట్ల చప్పుడే ఎక్కువ వినిపిస్తోందని తీసి జేబులో వేసుకున్నారు. రెండుమూడుసార్లు సరిచేయించాక కుదిరింది. స్నేహితులు కూడా హోటల్‌లో మూల బల్ల ఎంచుకుని, ఆయన ముఖం చూస్తూ మాట్లాడటం అలవాటు చేసుకున్నారు.

స్నేహం ప్రాణం కాపాడిన సంఘటన నుమాయిష్‌లో జరిగింది. 1938 నాటి ఆ ఎగ్జిబిషన్‌కి వెళ్లకపోతే హైదరాబాదీలకు జనవరి గడిచినట్టే ఉండదు. నాంపల్లి గ్రౌండ్స్‌లో స్టాల్ తర్వాత స్టాల్ తిరుగుతూ భోజనం వేళ దాటిపోయింది. షుగర్‌కి గ్లిమెపిరైడ్ వాడే ఒకాయన ఉన్నట్టుండి తోటివాళ్లను కసురుకున్నారు. పక్కనున్న స్నేహితుడు నొచ్చుకోలేదు. "ఈయన ఇట్ల కసిరే మనిషి కాదు" అని చెయ్యి పట్టి చూశారు. ఒళ్లంతా చల్లని చెమట. వెంటనే కూర్చోబెట్టి మూడు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగించారు, కుదుటపడ్డాక భోజనం పెట్టించారు. దారిన పోయేవాళ్లకు ఆయన కోపిష్టి ముసలాయన. నిత్యం చూసే మనిషికి మాత్రమే అది షుగర్ పడిపోవడమని తట్టింది. ఇప్పుడు ఆ బృందంలో ప్రతి ఒక్కరి జేబులో మందుల చీటీ, ఇంటివాళ్ల ఫోన్ నంబరు, గ్లూకోజ్ పొట్లం ఉంటాయి.

అన్ని గడపలకూ మందు నా దగ్గర లేదు. 2020 మార్చిలో ఆగిన సీనియర్ సిటిజన్ల రైల్వే రాయితీ పింఛనుదారుల ప్రయాణాలను కుదించింది. దాన్ని తిరిగి ఇవ్వాలి. ఒక వితంతువు మగవాళ్లున్న బృందంతో వెళ్తే నలుగురూ ఏమనుకుంటారోనని కోడలు అడ్డుపడింది. పెద్దవయసులో తోడు కోరుకోవడం తప్పు కాదని చెప్తూ ఎన్.ఎం. రాజేశ్వరి గారు 2010లో ఇదే నగరంలో 'తోడు నీడ' సంస్థను నడపడం మొదలుపెట్టారు. మన ఇళ్లలో ఆ మాట ఇంకా మెల్లగానే వినిపిస్తోంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. తిండి సయించక, ఏ పని మీదా మనసు పోక, బతుకు మీద విరక్తితో ఉన్న మనిషిని "నలుగురిలో తిరిగితే అదే పోతుంది" అని బలవంతంగా బస్సెక్కించకండి. అది డిప్రెషన్. ముందు వైద్యం కావాలి. నా పేషెంటు ఒకావిడ మందులతో, కౌన్సెలింగ్‌తో కోలుకున్నాకే స్నేహితురాళ్ల మధ్య కూర్చోగలిగారు. అప్పటిదాకా వాళ్లే వంతులు వేసుకుని ఆమె ఇంటికి వచ్చి కూర్చునేవారు. అదీ స్నేహమే.

దూరాన ఉన్న కొడుకులకు, కూతుళ్లకు నాదొక విన్నపం. అమ్మానాన్నల షుగర్ రిపోర్టు వాట్సాప్‌లో అడిగి తెప్పించుకుంటున్నారు కదా, వాళ్ల స్నేహితుల పేర్లు కూడా తెలుసుకోండి. ఆ స్నేహితులతో ఒకసారి మాట్లాడండి. తోటి వైద్యులకు చెప్పేదీ ఇదే: పెద్దవాళ్లకు మందు రాసేటప్పుడు, దానితో వాళ్లు ఆదివారం బయటికి వెళ్లగలరా అని కూడా ఆలోచించండి. చెవి చూడండి, మూత్రం సంగతి సిగ్గుపడకుండా చెప్పేలా అడగండి, కాలి చెప్పులు జారకుండా పట్టు ఇస్తాయో లేదో గమనించండి. మనం అంకెలు సరిచేసేది మనిషి తన వాళ్లతో కలిసి తిరగడానికే.