ఇరవై రెండు పాయింట్ నాలుగు

ఇంటర్లో మా కెమిస్ట్రీ సారు అంటుండేవారు, నిద్రలో లేపి అడిగినా 22.4 అని చెప్పాలిరా అని. చెప్పేవాళ్ళం కూడా. ఏ వాయువైనా సరే, మోల్స్ ఇచ్చాడా, 22.4తో గుణించు, లీటర్లొస్తాయి. లీటర్లిచ్చాడా, భాగించు, మోల్స్ వస్తాయి. ఎంసెట్లో ఒక్కో బిట్టుకి దక్కేదే నిమిషం, అంతకన్నా ఆలోచించే తీరికెక్కడిది? ర్యాంకొచ్చింది, ఇంజనీరింగయ్యింది, ఉద్యోగమొచ్చింది.. 22.4ని మర్చిపోయాను.

మళ్ళీ గుర్తొచ్చింది 2021 మే నెలలో. నాన్నకి కోవిడ్. బెడ్ ఎక్కడా దొరకలేదు. డాక్టరు గారు ఫోన్లోనే, నిమిషానికి 5 లీటర్ల చొప్పున ఆక్సిజన్ పెట్టమన్నారు. బాబాయ్ ఎక్కడెక్కడో తిరిగి చిన్న సిలిండర్ ఒకటి అద్దెకి తెచ్చాడు. పెట్టేసరికి రాత్రి పదకొండు.

"ఇది పొద్దున దాకా వస్తుందా?" అనడిగింది అమ్మ.

బాబాయ్ వంటగ్యాస్ బండని చూసినట్టు దాన్ని కాస్త ఎత్తి చూసి, "బరువుగానే ఉంది వదినా, వస్తుందిలే" అన్నాడు. నేను చూస్తే దాని మెడ మీద 10 లీటర్లు అని ఉంది. నిమిషానికి 5 అంటే.. రెండు నిమిషాలా?! గుండె జారిపోయింది. కాసేపటికి తట్టింది, ఆ 10 లీటర్లు అందులో నీళ్ళు పోస్తే పట్టే కొలత అని. లోపల వాయువుని అదిమి నింపారు, గేజ్‌లో ముల్లు 120 బార్ దగ్గరుంది.

కరెంటు బిల్లు వెనక మొదలెట్టా. పీవీ ఈజ్ ఈక్వల్ టు ఎన్ఆర్‌టీ. 120 ఇంటూ 10, దాన్ని 0.083తోనూ, గది వేడి 303 కెల్విన్‌తోనూ భాగిస్తే దాదాపు 48 మోల్స్. మోల్‌కి 32 గ్రాములు కదా, అంటే లోపలున్న ఆక్సిజన్ మొత్తం కిలోన్నర! ఉత్త ఇనుమే పది కిలోల పైన ఉండే సిలిండర్ని ఎత్తి చూస్తే ఏం తెలుస్తుంది? వంటగ్యాస్ బండలో ఉండేది ద్రవం, నిండుగా ఉంటే 14.2 కిలోలు, కాబట్టి అక్కడ బరువు నిజమే చెప్తుంది. ఇక్కడ ముల్లు మాటే నమ్మాలి.

48ని అలవాటుకొద్దీ 22.4తో గుణించా. 1075 లీటర్లు. 5తో భాగిస్తే 215 నిమిషాలు. అంటే రెండున్నర దాకా, అంతే. బాబాయ్ మారుమాట్లాడకుండా మళ్ళీ బండి తీశాడు. రెండో సిలిండర్ ఇంటికొచ్చేసరికి రెండయ్యింది.

నాన్న బయటపడ్డారు. ఇది రాస్తుంటే పక్క గదిలో టీవీ సౌండు పెంచుతున్నారు :)

కొన్నాళ్ళకి ఆ బిల్లు మళ్ళీ చేతికొస్తే చూసి నాలిక్కరుచుకున్నా. 22.4 అనేది సున్నా డిగ్రీల దగ్గర, ఒక అట్మాస్ఫియర్ ప్రెషర్లో. మే నెలలో మా ఇంట్లో సున్నా డిగ్రీలా! 30 డిగ్రీల దగ్గర మోల్‌కి దాదాపు 25 లీటర్లు. అంటే ఉన్నది 1200 లీటర్లు, నాలుగ్గంటలు. అసలు ఆ "స్టాండర్డ్" ప్రెషర్‌ని కూడా ఐయూపాక్ వాళ్ళు 1982లోనే ఒక బార్‌కి మార్చారు, ఆ లెక్కన అది 22.7.

కోడ్‌లో ఎవరైనా ఇలాంటి నంబర్ని హార్డ్‌కోడ్ చేస్తే రివ్యూలో వదలను. అదే నంబరు పదేళ్ళు నా బుర్రలోనే ఉంది. పాతిక నిమిషాలు తక్కువ చూపించింది కాబట్టి సరిపోయింది. అదే ఎక్కువ చూపించుంటే?

సారు మీద కోపమేం లేదు. ఆ రాత్రి భయంలోనూ చెయ్యి ఆగకుండా కదిలిందంటే ఆయన రుద్దిన రుద్దుడే. కాకపోతే నిద్రలో లేపినప్పుడు "ఎన్ని డిగ్రీల దగ్గర్రా?" అని కూడా అడిగుంటే బావుండేది.

మొన్న బాబాయ్ కూతురు ఇంటర్ పుస్తకం పట్టుకొచ్చి, "అన్నయ్యా, 22.4తో గుణిస్తే చాలు కదా?" అంది. కూర్చోబెట్టి, ముందు ఆ కరెంటు బిల్లు చూపించా.